గుణం కేస్‌షీట్‌లో కనపడాలి

(హౌస్ సర్జన్సీలో చేరుతున్న యువ డాక్టర్ల కోసం ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మంచి డాక్టరుకు ఏ గుణాలు ఉండాలని ఎవరినడిగినా తడుముకోకుండా చెప్పేస్తారు. దయ, ఓర్పు, సేవాభావం, త్యాగం. సీటు వచ్చిన రోజు పేపర్లో ఫొటో కింద పడే మాటలూ ఇవే. వాటితో నాకు పేచీ లేదు. చిక్కల్లా ఒక్కటే, వాటిని కొలిచే సాధనం లేదు. క్యాజువాలిటీలో తెల్లవారుజామున మూడింటికి, వరస అడ్మిషన్ల మధ్య, మీలో దయ ఎంత మిగిలిందో మీకే తెలియదు. ఆ సమయంలో వచ్చిన పేషెంటు శ్వాసను మీరు లెక్కపెట్టారా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది.

చరకుడు వైద్యుడికి నాలుగు గుణాలు చెప్పాడు: శాస్త్రంలో స్పష్టత, పదేపదే కళ్ళారా చూసిన అనుభవం, నేర్పు, శుచి. కారుణ్యం గురించి అదే అధ్యాయంలో తర్వాత వేరేగా చెప్పాడు గానీ ఈ నాలుగింటిలో కలపలేదు. కారణం పండితులు చెప్పాలి. నాకు కనపడేది ఏమిటంటే, ఈ నాలుగూ పక్కనున్నవాళ్ళు చూసి సరిపోల్చుకోగలిగినవి. నేను ఇవాళ చెప్పబోయేవీ అలాంటివే. మీరు వార్డులో చేసే పనిలో ఆనవాలు మిగిల్చే గుణాలు.

నిజాయితీతో మొదలుపెడతాను. ఆ మాట వినగానే కమిషన్లూ, కట్ ప్రాక్టీసూ గుర్తుకొస్తాయి. ఆ పరీక్షలు మీకు తర్వాత వస్తాయి. హౌస్ సర్జన్‌కు ఎదురయ్యే మొదటి పరీక్ష కేస్‌షీట్‌లో ఆర్ఆర్ (నిమిషానికి ఎన్ని శ్వాసలు) అని రాసి ఉండే చిన్న గడి. ఏ ఆస్పత్రిలోనైనా పాత కేస్‌షీట్లు ఓ పది తీసి చూడండి. పల్స్ ఒకరికి 84, ఒకరికి 110. బీపీ కూడా మనిషిని బట్టి మారుతుంది. శ్వాస మాత్రం అందరికీ 18, కాకపోతే 20. న్యుమోనియా పేషెంటుకూ ఇరవయ్యే, హెర్నియా ఆపరేషన్‌కు వచ్చినాయనకూ ఇరవయ్యే. అంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. పల్స్‌కు, బీపీకి మెషీన్ ఉంది. శ్వాసకు మెషీన్ అక్కర్లేదు, ఒక నిమిషం నిలబడాలి, అంతే. ఆ నిమిషం పెట్టలేక అంకె రాసేస్తాం.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఒంట్లో పరిస్థితి దిగజారుతున్నప్పుడు చాలామందిలో బీపీ పడిపోకముందే శ్వాస వేగం పెరుగుతుంది. చాలా ఆస్పత్రుల్లో వాడే న్యూస్ అనే హెచ్చరిక స్కోరులో శ్వాస నిమిషానికి 12 నుంచి 20 మధ్య ఉంటే సున్నా మార్కులు, 21 నుంచి 24 ఉంటే రెండు, 25 గానీ అంతకు మించి గానీ ఉంటే మూడు. ఈ ఒక్క గడిలోనే మూడు వస్తే మిగతావన్నీ బాగున్నా డాక్టరు వెంటనే వచ్చి చూడాలి. నిజంగా 28 ఉన్న మనిషికి మీరు ఊహించి 20 రాశారనుకోండి, మోగాల్సిన గంట మోగదు. తర్వాత డ్యూటీకి వచ్చినవాళ్ళు ఆ 20 చూసి పక్క బెడ్డుకు వెళ్ళిపోతారు.

లెక్కపెట్టే పద్ధతి మీరు చదివిందే. శ్వాస చూస్తున్నానని పేషెంటుకు చెప్పకూడదు, చెబితే వేగం మారుతుంది. పల్స్ చూసిన చేతిని అలాగే పట్టుకుని, ఛాతీ మీద గానీ పొట్ట మీద గానీ కన్నుంచి, పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్కటి తప్పినా నాలుగు తేడా వస్తుంది. పిల్లలకైతే ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క పనికిరాదు. తల్లి ఒళ్ళోనే ఉంచి, చొక్కా పైకి తీసి చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40. ఆ అంకె గానీ అంతకు మించి గానీ వస్తే వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. రెండు నెలల లోపు పసికందులో 60 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకోసారి లెక్కపెట్టి నిర్ధారించుకోవాలి. ఒకవేళ లెక్కపెట్టడం కుదరకపోతే గడి ఖాళీగా వదలండి. ఖాళీ గడిని చూసి మరొకరు లెక్కపెడతారు. నిన్నటి నోట్సు మక్కీకి మక్కీ ఎక్కించడం కూడా ఇదే జబ్బు. కాలు తీసేసిన మనిషి షీట్‌లో ‘రెండు పాదాల్లోనూ పల్స్ అందుతోంది’ అని కనపడేది ఇందువల్లే.

ఇక వినడం. మన ఓపీల సంగతి దాచేదేం లేదు. 2017లో అనేక దేశాల సమాచారం పోల్చిన ఒక పరిశీలనలో ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక్కో పేషెంటుకిచ్చే సమయం స్వీడన్‌లో 22.5 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో సుమారు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలను పది చేయమని మీకు చెప్పడం అన్యాయం, మీ చేతిలో లేని పని అది. ఉన్న సమయంలో మొదటి భాగం ఎవరిదన్నది మాత్రం మీ చేతిలో ఉంది. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టర్లకూ పేషెంట్లకూ మధ్య సంభాషణలు రికార్డు చేసి చూస్తే, పేషెంటు చెప్పడం మొదలుపెట్టిన 18 సెకన్లకే సగటున డాక్టరు అడ్డు తగిలాడు. 1975లో ఇంగ్లండులో హాంప్టన్ బృందం ఓపీకి కొత్తగా వచ్చిన 80 మందిని గమనిస్తే, 66 మందిలో చివరికి తేలిన జబ్బు కేవలం వాళ్ళు చెప్పింది వినడంతోనే అందింది. శరీర పరీక్షతో మారినవి ఏడు, ల్యాబ్‌తో మారినవి ఏడు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే, ఎక్కువ సమాచారం వచ్చే దారినే మనం ముందుగా మూసేస్తున్నాం.

కాబట్టి మొదటి నిమిషం నోరు కట్టేసుకోండి. పెన్ను కింద పెట్టండి. ‘ఏమైందమ్మా, చెప్పండి’ అన్నాక ఆవిడ ఆగేదాకా ఆగండి. ఆగాక ‘ఇంకా ఏమైనా ఉందా?’ అని ఒక్కసారి అడగండి. అసలు విషయం చాలాసార్లు అక్కడే బయటికొస్తుంది: తెల్లబట్ట, నెలసరి ఆగకపోవడం, మలంలో రక్తం, ఇంట్లో కొట్టడం. భర్తో, అత్తగారో పక్కన నిలబడి అన్నిటికీ వాళ్ళే జవాబు చెబుతుంటే, ‘పొట్ట చూడాలి, మీరు కాస్త బయట ఉండండి’ అని పంపి, స్టాఫ్ నర్స్‌ను పక్కన ఉంచుకుని మాట్లాడండి.

రెండు ప్రశ్నలు మన ప్రాంతంలో తప్పకుండా అడగాలి. ఒకటి, ‘ఇక్కడికి రాకముందు ఎక్కడ చూపించుకున్నారు, ఏం ఇచ్చారు?’ ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ ఉండవచ్చు, నొప్పి మందు ఉండవచ్చు. ఈ ప్రశ్నను వెక్కిరింపుగా అడిగితే ‘ఎక్కడా చూపించలేదు సార్’ అంటారు, మీకు సమాచారం పోతుంది. రెండోది, మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో కొనుక్కునే బిళ్ళల సంగతి. వాటిని పేషెంట్లు మందుల కింద లెక్కే వేయరు. క్రియాటినిన్ పెరిగిన, అంటే కిడ్నీ దెబ్బతిన్న మనిషి దగ్గర ఈ ప్రశ్న మరిచిపోతే జబ్బు కారణం మీ ముందే కూర్చుని వెళ్ళిపోతుంది.

‘గ్యాస్ పట్టేసింది సార్’ అని చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని వచ్చినాయన విషయం వేరు. అక్కడ ముందు ఈసీజీ, తర్వాతే కబుర్లు. గుండె నొప్పి అనుమానం ఉన్న ప్రతి మనిషికీ ఆస్పత్రిలో అడుగుపెట్టిన పది నిమిషాల్లో ఈసీజీ తీసి, ఒక డాక్టరు దాన్ని చదవాలి. షుగర్ ఉన్నవాళ్ళూ, ఆడవాళ్ళూ, పెద్ద వయసువాళ్ళూ ఛాతీలో నొప్పే లేకుండా ఆయాసం, చెమటలు, కడుపులో వికారం అని రావచ్చు. యాంటాసిడ్ తాగించి పంపేసిన తర్వాత తెలిస్తే చేసేదేం ఉండదు.

పిలుపు గురించి ఒక్కమాట. ‘పదో బెడ్డు’, ‘ఏయ్ ముసలాయనా, ఇటు జరుగు’ అనేవి వార్డులో రెండో వారానికే అలవాటైపోతాయి. అరవై ఏళ్ళాయనను ఇరవై మూడేళ్ళ మీరు ‘నువ్వు’ అనకూడదు. ఆయన మిమ్మల్ని ‘నువ్వు’ అంటే అది అమర్యాద కాదు, చాలా ఊళ్ళలో మాట తీరే అంత. ‘పెద్దాయనా’, ‘అమ్మా’, పేరు తెలిస్తే పేరుకు ‘గారు’. దీనికి అదనంగా పట్టే సమయం శూన్యం.

మందు రాయడం కంటే అది ఎలా వేసుకోవాలో చెప్పడంలోనే డాక్టరు శ్రద్ధ బయటపడుతుంది. దగ్గరగా చూపించడానికి ఒక్క పారాసిటమాల్ తీసుకుంటాను. పది కిలోల బిడ్డకు జ్వరం. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు. మార్కెట్లో 5 మి.లీ.కి 125 మిల్లీగ్రాముల సిరప్ ఉంది, దానిలో 6 మి.లీ. పోయాలి. 5 మి.లీ.కి 250 ఉన్న సిరప్ కూడా ఉంది, దానిలో 3 మి.లీ. చాలు. చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది, దానిలో ఒకటిన్నర మి.లీ. మీరు చీటీలో ‘పారాసిటమాల్ 6 మి.లీ.’ అని మాత్రమే రాశారనుకోండి. ఇంట్లో మిగిలిన చుక్కల సీసా తీసి తల్లి 6 మి.లీ. పోస్తే 600 మిల్లీగ్రాములు, ఇవ్వాల్సినదానికి నాలుగింతలు. రోజుకు నాలుగుసార్లు, మూడు రోజులు అలా పోస్తే లివర్ దెబ్బతింటుంది. ఇందులో తల్లి తప్పేం లేదు. బలం రాయాలి, మిల్లీగ్రాములు రాయాలి, మి.లీ. రాయాలి, ఆరు గంటలకు ఒకసారి కంటే ముందు వద్దని రాయాలి. తర్వాత సీసా మూత ఆవిడ చేతికిచ్చి ‘ఎంత పోస్తారో చూపించండమ్మా’ అనాలి. ‘అర్థమైందా?’ అని అడగడం దండగ, అందరూ తలూపుతారు.

ఇన్సులిన్‌లో ఇంతకంటే పెద్ద గొయ్యి ఉంది. మన దగ్గర వయల్‌లో వచ్చేది ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో, కార్ట్రిడ్జ్‌ల్లో వచ్చేది 100 యూనిట్లది, 100 సిరంజికి నారింజ రంగు మూత. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 50 యూనిట్లు. అటూ ఇటూ అయ్యి 40 వయల్‌లో నారింజ సిరంజి పెడితే 20కి బదులు 8 వెళుతుంది. మొదటి మనిషి తెల్లారేసరికి స్పృహ లేకుండా వస్తాడు, రెండో మనిషికి షుగర్ ఎందుకు తగ్గడం లేదో తెలియక మోతాదు పెంచుకుంటూ పోతారు. డిశ్చార్జ్ రోజున వయల్, సిరంజి రెండూ బల్ల మీద పెట్టించి చూడటానికి అర నిమిషం పడుతుంది. ‘యు’ అనే అక్షరం ఒక్కటీ రాసి ఊరుకోకండి, అది సున్నాలా కనపడి 4 కాస్తా 40 అవుతుంది. యూనిట్లు అని పూర్తిగా రాయండి.

మెథోట్రెక్సేట్ సంగతి కూడా చెప్పి ముందుకు వెళతాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే ప్రయోగశాలలోంచి వచ్చిన మందు అది. కీళ్ళవాతానికి, సొరియాసిస్‌కు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పేషెంటు దాన్ని రోజూ వేసుకుంటే నోరంతా పుళ్ళు పడి, తెల్లకణాలు పడిపోయి, ప్రాణం పోయే పరిస్థితి వస్తుంది. ‘వారానికి ఒకసారి’ అని రాస్తే సరిపోదు. ‘ప్రతి ఆదివారం మాత్రమే’ అని వారం పేరు తెలుగులో రాయాలి, ఫోలిక్ యాసిడ్‌కు వేరే రోజు పేరు రాయాలి. చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో, జెనరిక్ పేరుతో రాయమని వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. అందమైన దస్తూరి ఎవరూ అడగడం లేదు.

ఓర్పు అనగానే కోపం రాకపోవడం అనుకుంటారు. వార్డులో ఓర్పు ఒక గాజు గొట్టంలో ఉంటుంది. పాము కాటుతో వచ్చిన మనిషి దగ్గర 2 మి.లీ. రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు టెస్ట్‌ట్యూబ్‌లో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, అప్పుడు ఒక్కసారి వంచి చూడాలి. రక్తం నీళ్ళలా జారితే గడ్డకట్టే శక్తి పోయింది, రక్తపింజర విషం అనుమానించి ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు) మొదలుపెట్టాలి. తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, పదో నిమిషానికే ఆత్రంగా ఊపి చూస్తారు. గాజుది లేదని ప్లాస్టిక్ ట్యూబ్ వాడతారు. సబ్బు నీళ్ళతో కడిగిన ట్యూబ్ తీసుకుంటారు. సబ్బు పొర అంటిన గాజు మీదా, ప్లాస్టిక్ మీదా మామూలు రక్తం కూడా సరిగా గడ్డకట్టదు, అవసరం లేని మనిషికి ఏఎస్‌వీ ఎక్కి రియాక్షన్ వస్తుంది. రక్తం గడ్డకట్టింది కదా అని ఇంటికి పంపడం ఇంకో తప్పు. కట్లపాము విషం రక్తాన్ని ముట్టుకోదు, నరాల మీద పనిచేస్తుంది. కాటు గుర్తు కూడా సరిగా ఉండదు. కనురెప్పలు వాలుతున్నాయా, మింగగలుగుతున్నారా అని గంటల తరబడి చూస్తూ ఉండాల్సిందే.

పురుగుల మందు తాగి వచ్చినవాళ్ళ దగ్గర ఓర్పుతో పాటు ఇంకొక గుణం కావాలి, నోటి అదుపు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు అయితే మనకు అందుబాటులో ఉండే 0.6 మిల్లీగ్రాముల అట్రోపిన్ ఆంప్యూల్స్ మూడు నుంచి అయిదు దాకా ఒకేసారి ఇచ్చి, అయిదు నిమిషాలకు చూడాలి. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గలేదా, రెట్టింపు. మళ్ళీ అయిదు నిమిషాలు, మళ్ళీ రెట్టింపు. ఛాతీ శుభ్రం అయ్యి, పల్స్ 80 దాటి, సిస్టోలిక్ బీపీ 80 పైకి వచ్చేదాకా ఇదే పని. తర్వాత అప్పటిదాకా పట్టిన మొత్తంలో 10 నుంచి 20 శాతం గంటకు చొప్పున డ్రిప్. ‘అట్రోపిన్ స్టాట్’ (వెంటనే ఇవ్వండి) అని రాసేసి ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్ళిపోతే ఈ వైద్యం జరగదు. గంటసేపు స్టూలు వేసుకుని పక్కన కూర్చోవాలి. అట్రోపిన్ ఎక్కువైతే మనిషి పిచ్చిగా మాట్లాడతాడు, ఒళ్ళు కాలిపోతుంది, పొట్టలో కదలిక ఆగిపోతుంది. అప్పుడు డ్రిప్ ఆపి, తగ్గించి మొదలుపెట్టాలి.

ఆ గంటలో డ్యూటీ డాక్టరు నోటి నుంచి వచ్చే మాటలు నాకు బెంగ. ‘తాగేటప్పుడు బుద్ధి లేదా’, ‘పెళ్ళాం పిల్లలు గుర్తుకురాలేదా’. ఇవి వైద్యం కాదు సరికదా, ఏ మందు ఎంత తాగాడో చెప్పే నోరు మూతపడుతుంది. పారాక్వాట్ అనే కలుపు మందు తాగిన మనిషి భయంతో వేరే మందు పేరు చెబితే మీ వైద్యం మొత్తం దారి తప్పుతుంది. పారాక్వాట్‌లో శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగుండగా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి. అందుకే డబ్బా తెప్పించండి, కనీసం ఫోన్లో ఫొటో. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. చట్టమే నిలదీయని మనిషిని తెల్లకోటు నిలదీయడం ఏమిటి? కోలుకున్నాక సైకియాట్రీకి పంపకుండా డిశ్చార్జ్ చేయకండి.

సందేహించగలగడం అనే గుణానికి మన హైదరాబాద్ చరిత్రలోనే మంచి పాఠం ఉంది. 1880లలో హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ, ఆపరేషన్‌కు మత్తుగా క్లోరోఫాం ఇచ్చేటప్పుడు శ్వాస గమనిస్తే చాలు, పల్స్ చూడక్కర్లేదని బోధించేవాడు. లండన్ వాళ్ళు ఒప్పుకోలేదు. 1888లో మొదటి కమిషన్ వేసి జంతువుల మీద పరీక్షించాడు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ సందేహం వెలిబుచ్చితే, నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి వాళ్ళ ప్రతినిధినే రప్పించాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండె నేరుగా ఆగిపోవచ్చన్న అభిప్రాయంతో వచ్చినవాడు, ప్రయోగాలు చూసి లారీ వైపు తిరిగాడు. శత్రువును పిలిచి ‘నా లెక్క తప్పేమో చూడు’ అనడం గొప్ప గుణం. కానీ అక్కడితో ప్రశ్న ముగిసిందనుకోవడం తప్పయింది. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫాం మత్తులో అడ్రినలిన్ ప్రభావంతో గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోగలదని చూపించాడు. పల్స్ కూడా చూడాల్సిందే. శ్వాస మీద కన్నుంచమన్నంతవరకు లారీ మాట నేటికీ చెల్లుతుంది. ‘పల్స్ వదిలేయండి’ అన్న రెండో సగమే ప్రమాదకరం.

మన వార్డుల్లో ఆ రెండో సగం వానాకాలం జ్వరాల్లో కనపడుతుంది. జ్వరం, ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగ్యూ అని ముద్ర పడుతుంది. ఆ తర్వాత ఎవరు చూసినా ప్లేట్‌లెట్ల సంఖ్యే చూస్తారు. అయిదో రోజుకు ఆయాసం వస్తుంది. చంక కిందో, గజ్జల్లోనో, ఆడవాళ్ళలో రొమ్ము కిందో సిగరెట్ కాల్చినట్టు నల్లటి పక్కు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి పేషెంటు చెప్పదు. అది స్క్రబ్ టైఫస్, నల్లి లాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం. పెద్దవాళ్ళకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. బట్టలు పక్కకు తీసి చూడకపోతే దొరకదు. మూడో రోజు రౌండ్స్‌లో ఒక ప్రశ్న అలవాటు చేసుకోండి: ‘ఇది డెంగ్యూ కాకపోతే ఇంకేమయ్యుంటుంది?’

తెలియదని ఒప్పుకోవడం అంటే రాత్రి పూట ఫోన్ ఎత్తడం. చాలామంది సీనియర్ విసుక్కుంటారని ఫోన్ చేయరు, చేసినా ‘సార్, పదో బెడ్డు పేషెంటుకు బాగోలేదు, ఒకసారి వస్తారా’ అంటారు. నిద్రలో ఉన్న మనిషికి దీంతో ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పండి: ‘సార్, మేల్ మెడికల్ వార్డు హౌస్ సర్జన్‌ను. పదో బెడ్డు, 54 ఏళ్ళు, షుగర్ ఉంది, న్యుమోనియాతో నిన్న అడ్మిట్ అయ్యారు. గంట క్రితం ఆర్ఆర్ 24, ఇప్పుడు 34. ఆరు లీటర్ల ఆక్సిజన్ మీద శాచురేషన్ 88. బీపీ 90/60. సెప్సిస్ అనుకుంటున్నాను, కల్చర్ తీసి ఫ్లూయిడ్ పెట్టాను. మీరు వెంటనే రావాలి సార్.’ ముప్ఫై సెకన్లు. మీరెవరు, పేషెంటెవరు, ఏం మారింది, మీరేం అనుకుంటున్నారు, మీకేం కావాలి, అన్నీ ఉన్నాయి. ఆయన చెప్పిన మోతాదును తిరిగి చదివి వినిపించి, టైము వేసి షీట్‌లో రాయండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, అది ఆయన సమస్య.

ఆపరేషన్ థియేటర్లో ఇదే గుణం సిస్టర్ ‘ఆగండి సార్’ అన్నప్పుడు ఆగడంగా కనపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్టును ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితాల్లో, మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. మన దగ్గర చాలాచోట్ల ఆ కాగితం మీద టిక్కులు ఆపరేషన్ అయ్యాక కూర్చుని పెడతారు. అలా పెట్టే టిక్కు ఊహించి రాసిన 20కి అన్నదమ్ముడు.

చెడు కబురు చెప్పడం దగ్గర మన ఇళ్ళలో ఒక ముడి ఉంది. కొడుకు ముందే వచ్చి ‘అమ్మకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు’ అంటాడు. అతన్ని కసరొద్దు, మాటా ఇవ్వొద్దు. అమ్మ దగ్గర కూర్చుని ‘మీకేమైందని అనుకుంటున్నారు? రిపోర్టుల సంగతి మీకే చెప్పమంటారా, అబ్బాయితో మాట్లాడమంటారా?’ అని అడగండి. ఆవిడ ఏది కోరితే అది. చెప్పాల్సి వస్తే ‘ఆశించినట్టు రాలేదమ్మా’ అని ఒక మాట వేసి, క్షణం ఆగి, క్యాన్సర్ అన్న మాట వాడండి. ‘గడ్డ’, ‘ఇన్ఫెక్షన్’ అని తిప్పితే కీమో వార్డులో వేరెవరి నోటనో తెలుస్తుంది. చెప్పాక నోరు మూసుకుని ఉండటం కష్టం, అయినా ఉండండి. మరణవార్త అయితే అందరూ కూర్చున్నాక ‘చనిపోయారు’ అనే చెప్పండి. ప్రాణం పోయాక కూడా ‘సీరియస్‌గా ఉంది’ అని గంటసేపు నెట్టుకురావడం వల్లే చాలా గొడవలు మొదలవుతాయి.

కన్సెంట్ ఫారం మీద వేలిముద్ర వేయించే పని మీకే పడుతుంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: లాప్రోస్కోపీ చేసి చూడటానికి ఇచ్చిన అనుమతి గర్భసంచి తీసేయడానికి అనుమతి కాదు, ప్రాణాపాయం ఉంటే తప్ప. ఖాళీ ఫారం మీద సంతకం తీసుకోకండి, ఎవరు చెప్పినా సరే.

చివరగా మీ ఒళ్ళు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుకు సమానంగా పడిపోతుందని 1997లోనే కొలిచి చూపించారు. కాబట్టి రాత్రి డ్యూటీ చివర్లో పొటాషియం, ఇన్సులిన్, పిల్లల మోతాదు లెక్క వేయాల్సి వస్తే పక్కన ఇంకొకరితో విడిగా వేయించి సరిచూసుకోండి. బండి మీద ఇంటికి వెళ్ళేముందు ఇరవై నిమిషాలు కునుకు తీయండి.

సూది గుచ్చుకోవడం కూడా అలాంటి వేళల్లోనే, ఎక్కువగా సూదికి మూత మళ్ళీ పెట్టబోతుంటే జరుగుతుంది. మూత పెట్టొద్దు. గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్ళ కింద కడగండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయొద్దు. సిగ్గుపడి దాచొద్దు. పేషెంటుకు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు పంపించి, హెచ్ఐవీ ఉన్నా, అనుమానం ఉన్నా పీఈపీ (హెచ్ఐవీ సోకకుండా వాడే మందులు) మొదటి మోతాదు వీలైతే రెండు గంటల లోపు వేసుకోవాలి. 72 గంటలు దాటితే ఉపయోగం లేదు. మొదలుపెట్టాక 28 రోజులు పూర్తిగా వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు అయినవాళ్ళు, చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ టైటర్ చూపించుకుని ఉండాలి, 10 కంటే తక్కువ వస్తే మళ్ళీ వేయించుకోవాలి. మీ ఆస్పత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ మూసేశాక, ఆదివారాలు, రాత్రిళ్ళు ఆ పీఈపీ డబ్బా ఏ బీరువాలో ఉంటుందో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో పోస్టింగ్‌లో చేరిన రోజే వెళ్ళి కనుక్కోండి.